కాన్పు అయ్యింది, ఊయల ఖాళీ: బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఆసరా ఎక్కడ?

బందరు నుంచి గుడివాడ దాకా, ఇటు అవనిగడ్డ, నాగాయలంక దాకా ఏ ఊళ్ళో చూసినా కడుపులోనే ప్రాణం పోయి పుట్టిన బిడ్డ గురించి చెప్పాల్సి వస్తే గొంతు తగ్గిస్తారు. "ఫలానా వాళ్ళమ్మాయికి కాన్పు పోయిందంట" అని ఒక్క మాట, అంతటితో సరి. పెద్దవాళ్ళు పోతే ఇంటి ముందు టెంటు వేస్తారు, కుర్చీలు పడతాయి, పరామర్శకు ఊరంతా వస్తుంది. ఈ బిడ్డకు మాత్రం ఏదీ ఉండదు. తొమ్మిది నెలలు మోసిన తల్లికి "మర్చిపో, మళ్ళీ పుడతారు" అన్న మాటే పరామర్శ. ఆ మాట అన్నవాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఉండదు. కానీ ఆమె దుఃఖం మళ్ళీ పుట్టబోయే బిడ్డ కోసం కాదు, పోయిన బిడ్డ కోసం.

వైద్యుల లెక్కలో 28 వారాలు నిండిన తర్వాత ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డను మృతశిశువు అంటారు. ఇది అరుదైన సంగతేమీ కాదు. ఐక్యరాజ్య సమితి సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2019లో ప్రపంచంలో దాదాపు 20 లక్షల మంది ఇలా పుట్టారు, అందులో మన దేశంలోనే సుమారు 3.4 లక్షలు. మృతశిశు జననాలను 2030 నాటికి వెయ్యికి పది కంటే తక్కువకు తేవాలని 2014 నాటి భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక లక్ష్యం పెట్టుకుంది. లెక్కల్లో ఇంతమంది ఉన్నా, ప్రతి తల్లీ ఇది తనకొక్కదానికే జరిగిందనుకుంటుంది. ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి.

ఆసుపత్రిలో మొదటి రోజు

మన ప్రాంతంలో ఎక్కువగా జరిగేది ఒకటే. తల్లి మత్తులోనో నీరసంలోనో ఉండగానే బిడ్డను గుడ్డలో చుట్టి మేనమామో తాతయ్యో తీసుకెళ్ళి పూడ్చి వచ్చేస్తారు. "చూస్తే తట్టుకోలేదు" అంటారు. కొందరు తల్లులు నిజంగానే చూడొద్దంటారు, వాళ్ళను బలవంతం చేయకూడదు. కానీ అడగకుండా తీసుకెళ్ళడం వేరు. చూడని బిడ్డ ముఖాన్ని ఏళ్ళ తరబడి ఊహించుకుంటూ బాధపడే తల్లులు చాలామంది ఉంటారు. చూస్తావా, ఎత్తుకుంటావా అని అడగాలి. వద్దంటే కాసేపాగి ఇంకోసారి అడగాలి. ఒక ఫోటో తీసి తండ్రి ఫోన్లో ఉంచినా, పాదం ముద్ర కాగితం మీద వేయించినా, చుట్టిన గుడ్డ ముక్క దాచినా చాలు. ఆమె ఇప్పుడు అడగకపోవచ్చు, ఆరు నెలల తర్వాత అడగొచ్చు. తండ్రి గల్ఫ్‌లో ఉంటే వీడియో కాల్‌లో చూపించే ఏర్పాటు చేయాలి. ఖననానికి రాలేని తండ్రికి మిగిలేది అదొక్కటే.

ఆ ఏడుపులో కూడా వైద్యుణ్ణి కొన్ని అడగక తప్పదు. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయితే 72 గంటల లోపు యాంటీ-డి ఇంజెక్షన్ కావాలేమో అడగాలి. దీన్ని మరిస్తే వచ్చే గర్భానికి ప్రమాదం. మాయను పరీక్షకు పంపుతారా, రక్తపోటు, షుగర్, థైరాయిడ్, సిఫిలిస్ వంటి పరీక్షలు చేస్తారా అని కూడా అడగాలి. బీపీ, షుగర్, బిడ్డ సరిగా ఎదగకపోవడం, మాయ ముందే విడిపోవడం, ఇన్ఫెక్షన్లు, పుట్టుకతో వచ్చే లోపాలు తెలిసిన కారణాలు. అన్ని పరీక్షలూ చేసినా కారణం దొరకని సందర్భాలూ తక్కువేం కాదు. అప్పుడు డాక్టరు "కారణం తెలియలేదు" అని చెబితే అది తప్పించుకోవడం కాదు. డిశ్చార్జి కాగితాల్లో ఎన్ని వారాలు, బిడ్డ బరువెంత, ఆడా మగా అన్నది రాయించుకుని భద్రంగా దాచాలి. వచ్చే కాన్పుకు డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.

ఇంటికొచ్చాక ఒళ్ళు చెప్పే మాట

బిడ్డ లేదన్న సంగతి మనసుకు తెలుసు, ఒంటికి తెలియదు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య పాలు వస్తాయి. ఈ సంగతి ముందే చెప్పేవాళ్ళు ఉండరు. చాలామంది తల్లులు కుప్పకూలిపోయేది ఆ రోజునే. పాలు పిండితే ఇంకా వస్తాయి కాబట్టి పిండకూడదు. భారం భరించలేనంతగా ఉంటే కొద్దిగా మాత్రం తీసేయవచ్చు. గట్టిగా గుడ్డ బిగించి కట్టడం కంటే ఒదిగి పట్టే లోదుస్తు, చల్లని గుడ్డ మేలు. రొమ్ములకు మల్లెపూలు కట్టడం దక్షిణాదిలో పాత పద్ధతి. 1988లో వచ్చిన ఒక అధ్యయనంలో దాన్ని మందుతో పోల్చి చూసి, పూలూ పాలను తగ్గిస్తున్నట్టు గమనించారు కూడా. అమ్మమ్మలు ఊరికే చెప్పలేదన్నమాట. పాలు ఆగడానికి మాత్రలున్నాయి, కానీ బీపీ ఎక్కువైన తల్లులకు అవి పడకపోవచ్చు. మందుల షాపులో అడిగి వేసుకోకూడదు.

బాలింతకు చేసే సేవలన్నీ ఈమెకూ చేయాలి. బిడ్డ లేదు కదా అని మూడో రోజే పొయ్యి దగ్గర నిలబెట్టే ఇళ్ళున్నాయి. జ్వరం, వాసనతో కూడిన స్రావం, గంటకో గుడ్డ తడిసేంత రక్తం, తీవ్రమైన తలనొప్పి, కాలి పిక్కలో వాపు కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి.

ఇంకో చిన్న పని ఉంది. ఆశా కార్యకర్తకూ ఏఎన్ఎంకూ జరిగింది వెంటనే చెప్పి, టీకాల జాబితాలోంచి బిడ్డ వివరాలు తీయించాలి. లేకపోతే నెలన్నరకు "బాబును టీకాకు తీసుకురండి" అని ఫోన్ వస్తుంది. ఆ ఫోను తల్లే ఎత్తుతుంది.

పేరు, ఖననం

పేరు పెట్టొచ్చా, ప్రార్థన చేయొచ్చా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది. కానీ బయట అడగడానికి మొహమాటపడతారు. మన ప్రాంత ముస్లింలలో ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, బిడ్డ పుట్టాక ఏడ్పో కదలికో కనిపించి ఆ తర్వాత పోతే పేరు పెట్టి, గుస్ల్ చేయించి, కఫన్ చుట్టి జనాజా నమాజు చదువుతారు. ప్రాణలక్షణం లేకుండా పుడితే జనాజా నమాజు ఉండదు గానీ కడిగి, గుడ్డలో చుట్టి, గౌరవంగా ఖబరస్తాన్‌లో ఖననం చేస్తారు, పేరూ పెట్టొచ్చు. హంబలీ పద్ధతిలో నాలుగు నెలలు నిండిన బిడ్డకు నమాజు కూడా ఉంది. సందేహం ఉంటే మసీదు ఇమామ్‌ను అడగడంలో తప్పు లేదు. ఏడవడం సబ్ర్‌కు విరుద్ధమని ఆ తల్లికి చెప్పేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పసివాడైన తన కుమారుడు ఇబ్రాహీం కన్నుమూసినప్పుడు ప్రవక్త (స) కన్నీరు పెట్టారు.

హిందూ ఇళ్ళలో పసిబిడ్డలను దహనం చేయకుండా పూడ్చిపెట్టడం ఆనవాయితీ, పెద్ద కర్మలు ఉండవు. క్రైస్తవ కుటుంబాల్లో పాస్టరును పిలిచి సమాధి దగ్గర ప్రార్థన చేయించుకుంటారు. ఏ ఇంట్లోనైనా ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఎక్కడ పూడ్చారో తల్లికి చెప్పరు. కాలవ గట్టు మీదో ఏటి ఒడ్డునో పూడిస్తే ఒక వరదకు గుర్తు చెరిగిపోతుంది. ఊరి శ్మశానంలోనో ఖబరస్తాన్‌లోనో చోటు చూసి, ఒక రాయి పెట్టి, ఆ చోటు తల్లికి చెప్పాలి. వెళ్ళాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. చోటు లేని చావు ఎంత కష్టమో దివిసీమకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో పోయిన వేలమందిలో ఎందరికో సమాధి లేదు. అయినా ఇప్పటికీ ఆ తేదీ వస్తే వాళ్ళను తలచుకుంటారు. అంతమందిని తలచుకునే నేలకు ఒక పసిగుడ్డును తలచుకోవడం బరువు కాదు.

కాగితాలు, సెలవు

జనన మరణాల నమోదు చట్టం, 1969 కింద మృతశిశు జననాన్ని కూడా 21 రోజుల్లోపు నమోదు చేయాలి. దానికి ఫారం 3 అని వేరే ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయితే ఆ సమాచారం పంపాల్సింది ఆసుపత్రివాళ్ళే. పంపారా అని ఒకసారి అడగడం మంచిది. బిడ్డ ఒక్క నిమిషం బతికి పోయినా అది మృతశిశు జననం కాదు, జననమూ మరణమూ రెండూ విడిగా నమోదు కావాలి. తల్లిదండ్రులకు రెండు ధ్రువపత్రాలూ వస్తాయి, వాటిలో పేరూ రాయించుకోవచ్చు. ఆ నిమిషం లెక్కలోకి రావడం కొందరికి ఎంతో ఊరట.

ఉద్యోగం చేసే తల్లికి "బిడ్డ లేదు కదా, సెలవెందుకు" అనే హక్కు యజమానికి లేదు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డ అన్న మాటలోనే మృతశిశువును కూడా చేర్చింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే మాట ఉంది. 26 వారాలలోపు గర్భం పోతే అది గర్భస్రావం కింద వస్తుంది, ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు మృతశిశువు పుట్టినా, బిడ్డ పుట్టిన 28 రోజుల్లో పోయినా 60 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తూ 2022 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. ఇద్దరు కంటే తక్కువమంది పిల్లలున్నవాళ్ళకే అది వర్తిస్తుంది. రొయ్యల చెరువుల దగ్గర, వరి చేలల్లో కూలికెళ్ళే తల్లికి ఇవేవీ అందవు, ఆమెకు సెలవంటే ఇంట్లోవాళ్ళు ఇచ్చిందే.

నింద ఎవరి మీద

గ్రహణం నాడు బయటికొచ్చింది, పైట సర్దుకోలేదు, దిష్టి తగిలింది, మోటారు సైకిలెక్కింది. వేలు చివరికి తిరిగేది కోడలి వైపే. గ్రహణానికీ బిడ్డ చావుకీ సంబంధం లేదు. మేనరికం సంగతి వేరు. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళయితే కొన్ని జన్యు లోపాల ముప్పు కొంత పెరుగుతుంది. కానీ ఆ సంబంధం కుదిర్చింది పెద్దలే, ఆ అమ్మాయి కాదు. ఇలాంటి ఇళ్ళలో జన్యు సలహా తీసుకోవడం పనికొస్తుంది, గొడవ పడటం కాదు. నింద దెబ్బల దాకా వెళితే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

తండ్రి గురించి ఎవరూ అడగరు. ఆసుపత్రి బిల్లు కట్టింది, గొయ్యి తవ్వించింది, ఇంటికి ఫోన్ చేసి చెప్పింది అతనే. "నువ్వు ధైర్యంగా ఉండి ఆమెను చూసుకో" అంటారు. నాలుగు రోజులకే పనిలోకి వెళ్తాడు, అది చూసి భార్య ఇతనికి బాధే లేదనుకుంటుంది. ఇద్దరిదీ ఒకే దుఃఖం, బయటికొచ్చే తీరు వేరు. ఇంట్లో పెద్ద పిల్లలుంటే వాళ్ళకు "తమ్ముడు నిద్రపోయాడు" అని చెప్పకూడదు, ఆ తర్వాత వాళ్ళకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. చనిపోయాడు, ఇది నీ వల్ల కాదు అని సూటిగా చెప్పాలి.

దుఃఖం ఎప్పుడు జబ్బవుతుంది

పొద్దున బాగుండి సాయంత్రం ఏడవడం, పక్కింటి పసిబిడ్డ ఏడుపు వినలేకపోవడం, సీమంతాలకు వెళ్ళలేకపోవడం మామూలే. నెలలు పడుతుంది, కాన్పు తేదీ తిరిగొచ్చినప్పుడు మళ్ళీ పొంగుతుంది. అయితే రెండు వారాలు దాటినా తిండీ నిద్రా లేకపోయినా, బిడ్డ దగ్గరికే పోతానంటున్నా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా ఆగకూడదు. చివరి రెండింటికీ అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. బందరు ప్రభుత్వ ఆసుపత్రికి 2023 నుంచి మెడికల్ కాలేజీ కూడా తోడైంది. గుడివాడ, అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టరుకు చెప్పినా దారి చూపిస్తారు. బయటికి వెళ్ళడానికి సిగ్గుపడేవాళ్ళకు టెలి మానస్ ఉంది. 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ "పిచ్చివాళ్ళకు" మాత్రమే అనుకుని చాలామంది చేయరు. బిడ్డ పోయిన తల్లీ చేయొచ్చు, తండ్రీ చేయొచ్చు.

బ్రిటన్‌లో ఇలాంటి తల్లిదండ్రులు కలిసి 1978లోనే శాండ్స్ అనే సంస్థ పెట్టుకున్నారు. అక్టోబరు 15న చాలా దేశాల్లో ఈ పసివాళ్ళ పేరిట దీపాలు వెలిగిస్తారు. మన ఊళ్ళలో అలాంటి సంఘం కోసం ఆగాల్సిన పని లేదు. డ్వాక్రా గ్రూపులో, ఇజ్తెమాకు వచ్చే ఆడవాళ్ళలో, చర్చి మహిళా కూటంలో కాస్త కదిపితే ఇలాంటి కాన్పు పోయిన పెద్దమ్మ ఒకరు తప్పకుండా దొరుకుతుంది. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఆమె దగ్గరా ఉంటుంది.

మళ్ళీ గర్భం ఎప్పుడన్నది అత్తగారు కాదు, డాక్టరూ ఆ దంపతులూ కలిసి తేల్చుకోవాలి. వచ్చాక మొదటి నెలల్లోనే పాత కాగితాలతో వెళ్ళి, ఇది ప్రమాదం ఉన్న గర్భంగా రాయించుకోవాలి. ఏడో నెల దాటాక ఒక పక్కకు తిరిగి పడుకోవడం మంచిది. బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే తీపి తిని చూద్దాం, తెల్లారాక చూద్దాం అనుకోకుండా ఆ రాత్రే బయల్దేరాలి. ఎదురుమొండి లాంటి లంక ఊళ్ళలో చీకట్లో ఏటి పాయ దాటడం కష్టం కాబట్టి, ఆ తల్లి ఎనిమిదో నెల చివర నుంచే అవనిగడ్డలోనో బందరులోనో బంధువుల ఇంట్లో ఉండేలా ముందే మాట్లాడుకోవాలి.