పొరుగువాడి విశ్వాసం గురించి మనం చెప్పే సాక్ష్యం

ధ్యానించవలసిన లేఖన భాగాలు: నిర్గమకాండము 20:16, ఆదికాండము 22, అపొస్తలుల కార్యములు 15

ప్రభువునందు ప్రియమైన సంఘ బిడ్డలకు, సీలేరు, దారకొండ వైపు సిగ్నల్ అందిన చోట నిలబడి ఇది చదివేవారికి, పని మీద విశాఖపట్నం, హైదరాబాదు వెళ్లిన మన పిల్లలకు యేసుక్రీస్తు నామంలో వందనాలు.

ఈ మధ్య మన ఫోన్లలో యూదుల గురించి, ముస్లింల గురించి మెసేజీలు ఎక్కువగా తిరుగుతున్నాయి. యూదులు ఏం చేసినా దేవుని చిత్తమే అని ఒకటి. ముస్లింలు మొక్కేది చంద్రుడికి అని ఇంకొకటి. మూడు మతాలూ ఒకటే, తేడా ఏమీ లేదు అని మరొకటి. వీటిలో ఏదీ నిజం కాదు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దని దేవుడు సీనాయి దగ్గర ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఆజ్ఞ కోర్టు బోనెక్కినవాడికే కాదు, మెసేజీ ఫార్వర్డ్ చేసే వేలికి కూడా వర్తిస్తుంది. కాబట్టి ఈ మూడు మతాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో ఉన్నదున్నట్టు తెలుసుకుందాం.

1. అబ్రాహాము ఇంటి నుండి

యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురూ అబ్రాహామును విశ్వాసానికి తండ్రి అంటారు. యూదులు ఇస్సాకు, యాకోబుల ద్వారా ఆయన సంతానం. క్రీ.శ. 70లో రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చింది. దాంతో బలులు ఆగిపోయాయి. అప్పటి నుండి సమాజమందిరం, ప్రార్థన, ధర్మశాస్త్ర అధ్యయనం వారి ఆరాధనకు ఆధారమయ్యాయి. మన సంఘం కూడా ఆ ఇంటిలోనే పుట్టింది. మొదటి శిష్యులందరూ యూదులే. అన్యజనులు సున్నతి పొందకుండానే సంఘంలో చేరవచ్చని యెరూషలేము పెద్దలు తీర్మానించిన సంగతి అపొస్తలుల కార్యములు 15లో ఉంది. ఆ తీర్మానమే లేకపోతే మన్యంలో మనకు బాప్తిస్మం ఇచ్చే విధానం వేరుగా ఉండేది. ఇక ముహమ్మదు ప్రవక్త మక్కా నుండి మదీనాకు వెళ్లిన క్రీ.శ. 622తో ముస్లింల కాలగణన మొదలైంది. వారు తమ ప్రవక్తను ఇష్మాయేలు వంశంవాడిగా చెబుతారు.

మనవైపు పైన మాచ్‌ఖండ్ అని పిలిచే నీరే కిందికి వచ్చి సీలేరు అవుతుంది, తరువాత శబరిలో, ఆపైన గోదావరిలో కలుస్తుంది. మతాలూ అంతే, పేర్లే వేరు అని కొందరు మంచి మనసుతో అంటారు. ఇక్కడ ఆ పోలిక సరిపోదు. పుట్టిన కొండ ఒకటే, కానీ పారిన దారులు వేరు.

ఆదికాండము 22 తీసుకోండి. యూదులు తమ కొత్త సంవత్సర పండుగలో ఈ అధ్యాయం చదువుతారు, పొట్టేలు కొమ్ము ఊదుతారు. వారికి అది ఇస్సాకు బలిపీఠం మీద బంధించబడిన కథ, దేవుని నిబంధనకు గురుతు. ముస్లింలు బక్రీదు పండుగకు ఇదే సంఘటనను జ్ఞాపకం చేసుకుంటారు. ఖుర్ఆన్ 37వ సూరాలో ఈ కథ ఉంది కానీ కుమారుడి పేరు లేదు. అతడు ఇష్మాయేలు అని ఎక్కువమంది ముస్లింలు నమ్ముతారు. ఖుర్బానీ మాంసాన్ని ఇంటివారికి, బంధువులకు, పేదలకు మూడు పాళ్లు చేయడం వారి ఆచారం. మనం అదే కొండ మీద తన స్వంత కుమారుని వెనుకతీయని తండ్రిని, సిలువను చూస్తాం. ఒకే తండ్రి, ఒకే కత్తి, ఒకే పొట్టేలు. అర్థాలు మాత్రం మూడు.

2. దేవుడు ఒక్కడే, మరి యేసు ఎవరు?

దేవుడు ఒక్కడే అనే మాటలో ముగ్గురికీ భేదం లేదు. ముస్లింలు చంద్రుణ్ణి కొలుస్తారన్నది వట్టి అబద్ధం. సూర్యుడికీ చంద్రుడికీ సాగిలపడవద్దని ఖుర్ఆన్ 41వ సూరా 37వ వాక్యంలో స్పష్టంగా ఉంది. వారి నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి, అంతే. యూదుల నెలలూ అమావాస్య తరువాతి నెలవంకతోనే మొదలవుతాయి. అల్లాహ్ అనేది అరబ్బీలో దేవునికి ఉన్న మాట. అరబ్బీ మాట్లాడే క్రైస్తవుల బైబిల్లోనూ ఆ మాటే ఉంటుంది.

మనం యెహోవా అనే నామాన్ని డప్పు కొట్టి, చప్పట్లు చరిచి పాడతాం. భక్తిగల యూదుడు ఆ నామాన్ని నోట పలకడు. లేఖనంలో అది కనిపించిన చోట అదోనాయ్, అంటే ప్రభువు, అని చదువుతాడు. అతనిది భయభక్తి, మనది బిడ్డల చనువు.

అసలైన తేడా యేసు దగ్గర ఉంది. దీన్ని దాచి స్నేహం చేయనక్కరలేదు. యూదులు ఆయనను మెస్సీయగా ఒప్పుకోరు, మెస్సీయ ఇంకా రావలసి ఉందని ఎదురుచూస్తారు. ముస్లింలు ఆయనను ఈసా మసీహ్ అంటారు, కన్య మరియకు పుట్టాడని నమ్ముతారు. ఖుర్ఆన్‌లో 19వ సూరాకు మర్యం అనే పేరుంది. అయితే ఆయన దేవుని కుమారుడని వారు ఒప్పుకోరు. 4వ సూరా 157వ వాక్యాన్ని బట్టి, ఆయన సిలువ మీద చనిపోలేదని నమ్ముతారు. మనకేమో సిలువ, పునరుత్థానం లేకపోతే సువార్తే లేదు. ఇది చిన్న తేడా కాదు. మూడూ ఒకటే అన్నవాడు ముగ్గురి మాటా వినలేదన్నమాట.

3. దినము, ప్రార్థన, భోజనం

యూదుల విశ్రాంతి దినం శుక్రవారం పొద్దుగూకగానే మొదలై శనివారం చీకటి పడ్డాక ముగుస్తుంది. ఆ వేళల్లో పని చేయరు, నిప్పు రాజేయరు. ముస్లింలకు శుక్రవారం మధ్యాహ్నం సామూహిక నమాజు ముఖ్యం. కానీ అది విశ్రాంతి దినం కాదు, నమాజు అయ్యాక పనికి వెళ్లవచ్చు. మనకు ప్రభువు లేచిన ఆదివారం.

దానియేలు రోజుకు మూడుసార్లు యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ప్రార్థించాడు. యూదులు నేటికీ రోజుకు మూడు ప్రార్థనలు చేస్తారు. ముస్లింలు రోజుకు అయిదుసార్లు మక్కా వైపు తిరుగుతారు. మొదట్లో వారూ యెరూషలేము వైపే తిరిగేవారు, మదీనాకు వెళ్లిన తరువాత అది మారింది. సమరయ స్త్రీతో ప్రభువు చెప్పినదాన్ని బట్టి మనకు దిక్కు లేదు, అన్ని దిక్కులూ ఆయనవే. అయితే ఒక మాట. ఏ దిక్కయినా పరవాలేదన్న స్వేచ్ఛ దొరికిన మనం రోజుకు ఎన్నిసార్లు మోకరిస్తున్నాం? ఈ లెక్క ఎవరికి వారు వేసుకోవాలి.

పంది మాంసం యూదులూ ముస్లింలూ ముట్టరు. పండుగకు పందిని కోసే మన కొండ ఊళ్లలో ఇది వింతగా ఉంటుంది. ఏటిలో పట్టే పీతను, రొయ్యను కూడా యూదుడు తినడు. రెక్కలు, పొలుసులు లేని నీటి జీవులు లేవీయకాండము 11లో నిషిద్ధం. మత్తు పానీయం ముస్లింలకు హరాం. యూదులు విశ్రాంతి దినపు ద్రాక్షారసాన్ని ఆశీర్వదించి తాగుతారు. జీలుగు కల్లు గురించి మన సంఘం ఏమంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు! ఇక ఉపవాసం విషయానికొస్తే, యూదులకు ప్రాయశ్చిత్త దినం, ముస్లింలకు రంజాను నెల, మనకు నలభై దినాల శ్రమల కాలం. పేదవాడి భాగం ముగ్గురి దగ్గరా ఉంది. ముస్లింలు మిగులు ఆస్తిలో నూటికి రెండున్నర వంతు జకాతు ఇస్తారు. దశమభాగపు ఆజ్ఞ యూదుల ధర్మశాస్త్రం నుండే మనకు వచ్చింది.

4. తెలుగు మాట్లాడే ముగ్గురు

ఇవన్నీ దూరదేశాల సంగతులు అనుకోకండి. మన భాష మాట్లాడే ముస్లింలు ఉన్నారు. పత్తి ఏకి, పరుపులు కుట్టే వృత్తి నుండి వచ్చిన దూదేకులవారు, అంటే నూర్‌బాషాలు, చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పిఠాపురం ఉమర్ అలీషా తెలుగులో పేరున్న కవి. ఖుర్ఆన్‌ను తెలుగు చేసినవారిలో మొదటివాడు చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితుడు. పొరుగువాడు ఏం నమ్ముతాడో తెలుసుకోవడానికి ఆయన అంత శ్రమ పడ్డాడు. ఊళ్లలో జరిగే పీర్ల పండుగ క్రీ.శ. 680లో కర్బలాలో హుస్సేను చనిపోయిన దుఃఖానికి గురుతు. పీర్లను హిందువులు కూడా ఎత్తుకుంటారు, ముస్లింలలోనే చాలామంది దాన్ని ఒప్పుకోరు. ఆ పండుగను చూసి ఇస్లాం అంటే అదే అనుకోకూడదు.

తెలుగు మాట్లాడే యూదులు కూడా ఉన్నారంటే మీలో చాలామంది ఆశ్చర్యపోతారు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్త రెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడ మాదిగ సమాజానికి చెందిన కొన్ని పదుల కుటుంబాలు తమను బెనే ఎఫ్రాయీము అని పిలుచుకుంటాయి. అంటే ఎఫ్రాయీము సంతానం. వారు అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. యాకోబీ సోదరులైన షమూయేలు, సాదోకుల నాయకత్వంలో 1990ల ఆరంభంలో అక్కడ సమాజమందిరం వెలిసింది. విదేశీ యూదుల దగ్గర హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు, శనివారం పాటిస్తున్నారు. తాము చెదరిపోయిన ఇశ్రాయేలు గోత్రంవారమని, తమ పాత ఆచారాల్లో కొన్ని దానికి గురుతులని వారు చెబుతారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వారి మధ్య ఉండి రాసిన పుస్తకం 2013లో వచ్చింది. కులం బరువు మోసిన ప్రజలు తమ గౌరవాన్ని ఎలా వెతుక్కున్నారో అందులో ముఖ్యంగా చర్చించారు. మిజోరం, మణిపూర్‌లలోని బెనే మనష్షే వారిని 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీలలో ఒకరు గుర్తించారు. మన తెలుగువారికి అలాంటి గుర్తింపు రాలేదు.

వారి గురించి బయటివాళ్లు సులువుగా అనే మాట ఒకటుంది: "ఇశ్రాయేలు దేశం వెళ్లడానికే ఈ వేషం." ఈ మాట వినగానే మనకు ఒళ్లు జలదరించాలి. ఎందుకంటే ఇలాంటి మాటే మన పెద్దల మీదా పడింది.

5. "అన్నం కోసం కలిశారు"

1876-78 కరువు కాలంలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. బాప్తిస్మం అడిగినవారు వేలమంది. వారిలో ఎక్కువమంది మాదిగలు. కరువు సహాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని. సహాయం ఆగిపోయింది. అయినా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంత జాగ్రత్తపడినా, తెలుగు క్రైస్తవుడు అన్నం కోసం కలిశాడనే నింద ఈ రోజుకీ పోలేదు.

మన మన్యం వైపు చూడండి. 1874లో కాకినాడలో కెనడా బాప్టిస్టులు, 1882లో కోరాపుట్ వైపు జర్మను లూథరన్లు పని మొదలుపెట్టారు. వారి తరువాత సువార్త కొండలెక్కింది. సువార్త నమ్మిన కొండవాళ్లను పాలపొడికి అమ్ముడుపోయారన్నారు. నమ్మనివారిని చేతబడి చేస్తారన్నారు. మన తాతలను ఎవరూ వచ్చి అడగలేదు, వాళ్ల తరఫున ఎవరో జవాబు చెప్పేశారు. అది ఎంత నొప్పో మనకు తెలుసు. తెలిసీ అదే పని ముస్లిం గురించి, యూదుడి గురించి మనం చేస్తే దేవుని ముందు ఏం చెబుతాం?

కొత్త రెడ్డిపాలెం వారు యేసును మెస్సీయగా ఒప్పుకోవడం మానేశారు. ఒక పాస్టరుగా నాకది బాధే. కానీ ఆ బాధ నన్ను ఎగతాళికి కాదు, ఒక ప్రశ్నకు నడిపిస్తుంది. సిలువ దగ్గర అందరూ సమానమని బోధించే సంఘంలో కులం బెంచీ వేసుకుని కూర్చుంటే, గౌరవం వెతుక్కునేవాడు బయటికి నడవడా? మన మందిరంలో భగతకు, కోందుకు, వాల్మీకికి, కింద నుండి వచ్చిన ఉద్యోగికి ఒకే చాప ఉందా?

6. మనం చేయవలసినవి

మొదటిది, పొరుగువాడు ఏం నమ్ముతాడో అతన్నే అడగండి. సంతలో బట్టలు అమ్మే భాయి గారు రంజానులో ఎందుకు పస్తుంటారో ఫోనును అడగకండి, ఆయన్నే అడగండి.

రెండవది, బైబిలులోని ఇశ్రాయేలును, నేటి దేశ రాజకీయాన్ని, యూదుల విశ్వాసాన్ని కలిపి ఒకే ముద్ద చేయకండి. మూడూ వేరు వేరు.

మూడవది, తేడాను మెత్తగా, కానీ తేటగా చెప్పండి. మన నిరీక్షణకు కారణం సాత్వికంతో, భయంతో చెప్పమని పేతురు భక్తుడు తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో రాశాడు. యేసే రక్షకుడని చెప్పడానికి ఎవరి మీదా అబద్ధం కల్పించనక్కరలేదు. సత్యమైన ప్రభువుకు అబద్ధపు సాక్షులు అవసరం లేదు.

ప్రార్థిద్దాం: అబ్రాహాము దేవా, మా నాలుకలకూ మా వేళ్లకూ కాపలా ఉంచు. మా పొరుగువారి గురించి నిజమే పలికేలా, నిన్ను గురించి సిగ్గుపడకుండా చెప్పేలా మాకు కృప దయచేయి. కొత్త రెడ్డిపాలెంలో, మా సంతల్లో, మా మధ్యలో నిన్ను వెతికే ప్రతివారినీ దర్శించు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.