ఇంజను ఆయిల్‌లో నీరు కలిస్తే ఏం చేయాలి? పాత పడవ ఇంజన్లు, డీజిల్ పంపుసెట్లు ఉన్న రైతులకు సూచనలు

గోదావరి లంకల్లో అరటి గెలలు, కూరగాయలు, పశుగ్రాసం ఏరు దాటించాలంటే ఇంజను పడవే ఆధారం. ఈ పడవల్లో కొన్నిటికి బిగించేది పొలం గట్టున పంపు తిప్పే ఒక సిలిండరు డీజిల్ ఇంజనే. నీటితో చల్లబడే ఇలాంటి పాత ఇంజన్లలో ఆయిల్‌లోకి నీరు చేరడం తరచుగా వచ్చే ఇబ్బంది. చాలామంది పాడైన ఆయిల్ దింపి, కొత్తది పోసి, మళ్లీ పనికి దిగుతారు. నాలుగు రోజులకు అదీ తెల్లబడుతుంది. ఈలోగా బేరింగులు అరిగి, క్రాంకు గీతలు పడి, చిన్న సీలుతో పోయే ఖర్చు పెద్దదవుతుంది. నీరు ఏ దారిన వచ్చిందో తేలేవరకు ఇంజనును పనికి పెట్టకూడదు.

ముందుగా చేయకూడని పని

ఆయిల్ కొలిచే కడ్డీ తీయగానే పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే, "ఒకసారి తిప్పి చూద్దాం" అని హ్యాండిల్ వేయకండి. సెల్ఫ్ స్టార్టరు నొక్కకండి. నీరు సిలిండరులోకి కూడా చేరి ఉండవచ్చు. గాలిలాగా నీరు నొక్కుకుపోదు. పిస్టన్ పైకి వచ్చి నీటికి తగిలితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, లేదా హెడ్ దెబ్బతింటుంది. నోజిల్ ఊడదీసి, డీకంప్రెషన్ లివరు ఎత్తి, చేత్తో నెమ్మదిగా రెండు మూడు చుట్లు తిప్పండి. నోజిల్ రంధ్రానికి ఎదురుగా ముఖం పెట్టవద్దు. రంధ్రం నుంచి నీరు చిమ్మితే సిలిండరులోకి చేరినట్టే.

నిజంగా నీరేనా?

ఆయిల్ మట్టం పెరిగినంత మాత్రాన నీరే అనుకోకూడదు. నోజిల్ కారినా, డీజిల్ పంపు కారినా మట్టం పెరుగుతుంది. అప్పుడు ఆయిల్ నల్లగానే ఉండి, పల్చబడి, డీజిల్ వాసన కొడుతుంది. నీరు కలిస్తే తెల్లబడి, మీగడలా చిక్కబడుతుంది. అనుమానంగా ఉంటే పాత స్టీలు గరిటెలో రెండు మూడు చుక్కలు వేసి సన్నని మంట మీద వేడి చేయండి. చిటపటలాడితే నీరు ఉన్నట్టు. ఇది ఇంజనుకు, డీజిల్ డబ్బాకు దూరంగా చేయాలి. అంతకు మించి ఆయిల్ వేయవద్దు.

ఆయిల్ పోసే మూత లోపల మాత్రమే తెల్లటి నురగ ఉండి, కడ్డీ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే, మట్టమూ పెరగకపోతే కంగారు పడనక్కర్లేదు. చలికాలంలో పది నిమిషాలు నడిపి ఆపేసే ఇంజనులో గాలిలోని తేమ ఇలా పేరుకుంటుంది. పంపు నీరంతా ఇంజను గుండా పారే పంపుసెట్లలో ఇది మరీ ఎక్కువ. ఇంజను ఎప్పటికీ వేడెక్కదు కాబట్టి తేమ ఆవిరై పోదు. ఇంజనుకు వెళ్లే నీటిని వాల్వుతో కొంచెం తగ్గించండి. బయటికి వచ్చే నీరు చెయ్యి కాసేపు కూడా పెట్టలేనంత వేడిగా ఉండాలి, ఆవిరి మాత్రం రాకూడదు. నేరుగా ఉప్పునీటితో చల్లబడే ఇంజనుకు మాత్రం ఇంత వేడి పనికిరాదు. లోపల ఉప్పు గారలా పేరుకుంటుంది.

ఎంత నీరు? ఎలాంటి నీరు?

ఇంజనును రాత్రంతా కదపకుండా ఉంచండి. నీరు బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది. పొద్దున డ్రెయిన్ బోల్టును పూర్తిగా ఊడదీయకుండా వదులు చేసి, మొదట వచ్చేదాన్ని గాజు సీసాలో పట్టండి. ముందు తేట నీరు, తర్వాత తెల్లటి ఆయిల్, చివర నల్లటి ఆయిల్ రావచ్చు. అరగ్లాసు నీటికీ రెండు లీటర్లకూ కారణాలు వేరు. ఎంత వచ్చిందో రాసి పెట్టుకోండి. సముద్రపు పోటు తగిలే చోట తిరిగే పడవ అయితే, ఆ నీటిలో కొంచెం స్టీలు పళ్లెంలో ఎండబెట్టండి. తెల్లటి పొడి బాగా మిగిలితే ఉప్పునీరు చేరిందని అర్థం. అప్పుడు వారం రోజులు వాయిదా వేయడానికి లేదు. బేరింగులు, క్రాంకు తుప్పు పట్టడం వెంటనే మొదలవుతుంది.

నీరు వచ్చే దారి వెతకడం

తేలికైన చోట్ల నుంచి మొదలుపెట్టాలి. సైలెన్సరు గొట్టం ఆకాశం వైపు తెరుచుకుని ఉందా? మొన్న వాన పడిందా? పనిలేనప్పుడు గొట్టం మీద ఒక రేకు డబ్బా బోర్లిస్తే చాలు. ఏటా హెడ్లు విప్పించుకునే రైతుల్లో కొందరికి కావలసింది ఆ డబ్బాయే. పడవ అడుగున నీరు నిలిచి ఇంజను ఆయిల్ సంపు వరకు వచ్చిందా అన్నదీ చూడండి. క్రాంకు సీలు నుంచి, కడ్డీ రంధ్రం నుంచి ఆ నీరు లోపలికి పోతుంది.

తర్వాత ఇంజనుకు బిగించిన నీటి పంపు. నీటి వైపు ఒక సీలు, ఆయిల్ వైపు ఒక సీలు, రెంటి మధ్య కింది భాగంలో సన్నని రంధ్రం ఉంటుంది. నీటి సీలు పాడైతే నీరు ఆయిల్‌లోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయట కారాలి. దాని పని అదే. కారుతోందని చూసి ఎంసీల్‌తోనో సబ్బుతోనో మూసేస్తే నీటికి మిగిలేది ఆయిల్ దారే. బురద, రంగు పేరుకున్నా ఇదే జరుగుతుంది. సన్నని తీగతో రంధ్రం శుభ్రం చేసి చూడండి.

సైలెన్సరులోకి నీరు వదిలే పడవల్లో మరో కారణం ఉంది. స్టార్టు కాని ఇంజనును పదే పదే తిప్పుతుంటే పంపు నీటిని తోస్తూనే ఉంటుంది. బయటికి నెట్టే పొగ ఉండదు. సైలెన్సరు నిండి నీరు వెనక్కి సిలిండరులోకి, రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి జారుతుంది. అలాంటప్పుడు నీటి వాల్వు మూసి తిప్పాలి, స్టార్టు అయిన వెంటనే తెరవాలి.

ఇవేవీ కాకపోతే లైనరు, గ్యాస్కెట్, హెడ్ చూడాలి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఆయిల్ పూర్తిగా దింపి, ఇంజను పక్కనున్న తలుపు విప్పి, కింద పొడి న్యూస్‌పేపరు పరవండి. ఇంజనుకు మూడు మీటర్ల ఎత్తున నీళ్ల డ్రమ్ము పెట్టి, గొట్టాన్ని నీరు లోపలికి వెళ్లే చోట కలపండి. బయటికి వచ్చే గొట్టం నుంచి గాలంతా పోయి నీరు రాగానే దాన్ని మూసేయండి. ఆ ఎత్తు సెంటీమీటరు చదరానికి సుమారు 0.3 కిలోల ఒత్తిడి ఇస్తుంది. రాత్రంతా ఉంచి, పొద్దున టార్చిలైటుతో చూడండి.

లైనరు కింది అంచు బయటి వైపు నుంచి చుక్కలు పడితే రబ్బరు రింగులు పోయాయి, లేదా లైనరు తుప్పు పట్టి చిల్లి పడింది. లైనరు లోపలి గోడ నుంచి, పిస్టన్ పక్కగా జారుతుంటే నీరు సిలిండరులోకి వస్తున్నట్టు. గ్యాస్కెట్ లేదా హెడ్ విప్పాలి. పుష్ రాడ్ల వైపు నుంచి కారినా హెడ్ సంగతే. పరీక్ష తర్వాత నోజిల్ తీయకుండా ఇంజను తిప్పవద్దు.

కాగితం పొడిగానే ఉంటే, వేడెక్కినప్పుడే తెరుచుకునే పగులు ఉండవచ్చు. పారబోసే ఆయిల్ కాకుండా తక్కువ ధర ఆయిల్ పోసి, కొద్దిసేపు నడిపి, నీరు బయటికొచ్చే గొట్టం చివర బకెట్ నీటిలో ముంచండి. బుడగలు ఆగకుండా వస్తే మండిన గాలి నీటిలోకి తోసుకొస్తోందన్న మాట. అయితే సక్షన్ గొట్టం గాలి పీల్చినా బుడగలు వస్తాయి. దాని క్లిప్పులు ముందు బిగించి చూడాలి.

మరమ్మతు

పంపు సీళ్లు రెండూ కలిపి మార్చాలి. షాఫ్టు మీద గోరుకు తగిలేంత గాడి ఉంటే కొత్త సీలు నిలవదు, షాఫ్టూ మార్చాలి. గ్యాస్కెట్ పోతే హెడ్ చదును చూడకుండా కొత్తది వేయించవద్దు. వర్క్‌షాపులో తిన్నని స్టీలు పట్టీ, ఫీలర్ గేజీతో చూస్తారు. హెడ్ నట్లు ఒకేసారి కాకుండా మూడు విడతలుగా, ఎదురెదురుగా బిగించాలి. లైనరు రింగులు మార్చేటప్పుడు అవి కూర్చునే గాళ్లలోని తుప్పు, గార పూర్తిగా గీకాలి. రింగులు మెలిక పడకుండా సబ్బునీరు రాసి దింపాలి. ఇది అలవాటున్న మెకానిక్ చేతనే చేయించడం మంచిది. పగిలిన హెడ్‌ను వెల్డింగ్ చేయించడం కంటే మార్చడమే మేలు. పోత ఇనుము అతుకు వేడికి మళ్లీ విచ్చుకుంటుంది. బ్లాకే పగిలితే ఆ పాత ఇంజను మీద డబ్బు పెట్టే ముందు వాడిన మరో ఇంజను ధర కనుక్కోండి.

లోపల కడగడం

లీకు ఆగిన తర్వాతే ఈ పని. సంపు అడుగున మీగడ తుడిచి, ఫిల్టరు మార్చి, అదే గ్రేడు ఆయిల్ పోసి, లోడు లేకుండా పదిహేను నిమిషాలు నడిపి వేడిగా ఉండగానే దింపండి. తెలుపు కనిపిస్తే మళ్లీ చేయాలి. రెండు మూడు సార్లు పట్టవచ్చు. కిరోసిన్, పెట్రోలు పోసి ఇంజను నడపకూడదు. తెల్లబడిన ఆయిల్‌ను మూకుడులో కాచి నీరు ఇగిర్చి మళ్లీ వాడే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అది పొంగి మంట అంటుకుంటుంది. దింపిన ఆయిల్ కాలువలో, చెరువులో పోయకుండా డబ్బాలో ఉంచి పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వండి.

వరదలో మునిగిన ఇంజను

ఇంజనును పైకి తీసిన రోజే పని మొదలుపెట్టాలి. మంచినీటితో పైన కడిగి, ఆయిల్, నీరు దింపి, నోజిల్ తీసి సిలిండరు ఖాళీ చేయాలి. మెకానిక్ వచ్చేందుకు రోజులు పట్టేలా ఉంటే సంపు, సిలిండరు డీజిల్‌తోనో ఆయిల్‌తోనో నింపి ఉంచండి. గాలి తగలకపోతే తుప్పు ఆగుతుంది. స్టార్టు చేసే ముందు అది మొత్తం దింపేయాలి. డీజిల్ పంపును మాత్రం మీరు విప్పవద్దు.

బాగు చేసిన ఇంజను ఆయిల్‌ను మొదటి గంట తర్వాత, పది గంటల తర్వాత, 25 గంటల తర్వాత చూడండి. ఏరు నిండుగా ఉన్న రోజుల్లో మొదటి పది గంటలు ఒడ్డు దగ్గరే నడిపి, తర్వాతే లోడుతో ఏరు దాటండి.