మహారాజుగారు వ్రాయించిన పెండ్లిండ్ల లెక్క



శిస్తు లెక్కలు, పంట లెక్కలు మీకు క్రొత్త కావు. నేడు నేను విన్నవింపబోవునది పెండ్లిండ్ల లెక్క. విజయనగర సంస్థానాధిపతులు ఆనందగజపతి మహారాజుగారు 1880 తరువాతి దశాబ్దమున దానిని వ్రాయించిరి. విశాఖపట్టణము జిల్లాలో మన్నెపు భాగము విడిచి, తక్కిన తావులలో మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ వివాహములలో, ఆడపిల్లకు వెల పుచ్చుకొని చేసినవి ఎన్ని యని వారు విచారింపజేసిరి. ఆనాడు మన చీపురుపల్లియు నా జిల్లాలోనిదే.

లెక్క 1,034కు తేలెను. అనగా ఏటికి సరాసరి 344. ఆ వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆర్గురు, ఏడాది బిడ్డలు ముగ్గురు. కడపటి రెండు తరగతుల పసికందులకు పలికిన వెల తలకు 350 మొదలు 400 రూపాయల వరకు. తల్లి గర్భమందున్న శిశువునకు సైతము బేరము కుదుర్చుకొనుట కలదట! ఈ యంకెలను గురజాడ అప్పారావుగారు 1897లో ముద్రితమైన తమ కన్యాశుల్క నాటకపు ఆంగ్లపీఠికలో పొందుపరచిరి. 1884లో విజయనగరమున బడిపంతులుగా చేరినపుడు వారి జీతము నెలకు 25 రూపాయలు. ఏడాది బిడ్డ వెల పంతులుగారి పదునాలుగు పదునారు నెలల జీతమునకు సమానమన్నమాట.

అప్పారావుగారు మనకు పరాయివారు కారు. 1862లో ఎస్. రాయవరమున జన్మించినను, తండ్రి వేంకటరామదాసుగారు చీపురుపల్లిలో ఉద్యోగము చేయుచుండుటచే, వారి తొలి చదువు ఈ యూరనే సాగినది.

ఈ దురాచారమునకు శాస్త్రము ఆధారమా యని మీ రడుగవచ్చును. కాదు. తండ్రి కన్యకై అణుమాత్రమును శుల్కము గొనరాదని మనుస్మృతి నిషేధించినది. ధనమిచ్చి కన్యను గొనుటకు ఆసురవివాహమని పేరు పెట్టినది. ఇది యెరిగిన పండితులే ఇంట శుల్కము లెక్కపెట్టుకొనిరి. మగవాడు భార్య గతించినకొలది మరల పెండ్లాడవచ్చును. ఆడుదానికి రెండవ పెండ్లి లేదు. అందుచే కన్యలకు కరవు ఏర్పడెను. ధనము గల ముదుసలి వెల పెంచెను, తండ్రి ఆశపడెను. ముదుసలి గతింపగా పసిది విధవయై పుట్టింటికి చేరెను. నాటకమందు అగ్నిహోత్రావధానులు పెద్దకూతురు బుచ్చమ్మ వైధవ్యము కన్నులయెదుట నుండగనే చిన్నదానిని వృద్ధుడగు లుబ్ధావధానులకు ఈయబూనుట ఈ గొలుసునకు దృష్టాంతము.

వితంతు వివాహమును 1856 చట్టము అంగీకరించియే యుండెను. 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున అట్టి వివాహము జరిపించిరి. కాని కన్యాశుల్కమును మాన్పుటకు మహారాజుగారు చెన్నపట్టణపు శాసనసభలో తెచ్చిన బిల్లు చట్టము కాకపోయెను. మతవిషయములలో జోక్యము చేసికొనబోమని 1858లో రాణీగారు ప్రకటించి యుండిరి. దొరతనమువారికి శిస్తు వసూలుపై గల పట్టుదల పసిపిల్లలపై లేకపోయెను.

చట్టము చేయలేని పని నాటకము తలపెట్టెను. 1892లో విజయనగరమున కన్యాశుల్కము ప్రదర్శింపబడెను. 1909లో మిక్కిలి పెంచి మరల అచ్చొత్తించిరి. ఇచట నొక మాట ఒప్పుకొనవలయును. నేను లక్షణగ్రంథములు చదివి, బాలవ్యాకరణము వల్లించి పెరిగినవాడను. ఈ నాటకపు భాషను గ్రామ్యమని మా గురువు లొకరు నిరసించుట వింటిని. నేనును చిరకాలము అట్లే తలచితిని. బడిలో పాఠము చెప్పుచుండగా నా తప్పు నాకు తెలిసినది. వేదిక మీద వినబడునది తన యింటి మాటయే యైనపుడు, శుల్కము గొన్నవానికి అది పరుల కథ యని తప్పుకొనుటకు వీలు లేదు. గ్రాంథికమున నైనచో తప్పుకొనియెడివాడు. నేటికిని నా కలము పాత బాటనే నడచుచున్నది గాని, సత్యము సత్యమే.

అయినను కథ సుఖాంతము కాలేదు. శుల్కము క్రమముగా తొలగెను. దానికి నాటక మొక్కటే కారణ మనను. ఇంగ్లీషు చదువు, సర్కారు కొలువు వచ్చినకొలది వెల వరునిపైకి మారెను. 1929లో శారదా చట్టము పిల్లకు పదునాలుగేండ్లు నిండవలెనని విధించెను. 1961లో వరకట్నమును నిషేధించుచు చట్టము వచ్చెను. త్రాసు ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు మ్రొగ్గెనే గాని, బేరము నిలువలేదు.

మహారాజుగారి లెక్క సంపూర్ణము కాదని అప్పారావుగారే వ్రాసిరి. చెప్పవలసినవారికి దాచుటయందే లాభముండెను. పెద్దలారా, సంబంధము మాటాడునపుడు తాంబూలముల యెదుట కూర్చుండువారు మీరు. నేడు మన యూళ్లలో మూడేండ్ల కట్నముల లెక్క వ్రాయుటకు ఎవరైన కాగితము పట్టుకొని వచ్చినచో, మీ నోట ఎంత నిజము వెలువడును? రాబోవు పెండ్లిమాటల నాడు ఈ ప్రశ్నను మీలో మీరు వేసికొనుడు. సెలవు.