కాశీ యాత్రికులకు దారి చూపిన ధర్మం



ఆలయాలను, చెరువులను, బావులను నిర్మించడం, అన్నం పెట్టడం, తోటలు నాటడం - వీటన్నింటినీ మన ధర్మశాస్త్రాలు ‘పూర్తం’ అనే ఒకే పేరుతో పిలిచాయి. దేవునికి గుడి కట్టడమూ, ఆ దేవుని చూడవచ్చిన బాటసారిని ఆదరించడమూ ఒకే ధర్మానికి రెండు ముఖాలని దీని భావం. ఈ సత్యానికి కాశీక్షేత్ర చరిత్రే నిదర్శనం.

‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అని మన పూర్వులు ఊరకే అనలేదు. దారి తెలియదు, భాష రాదు, మంచినీరు ఎక్కడ దొరుకునో తెలియదు. అట్టి కాలంలో, 1830 మే 18న, చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేస్తున్న ఏనుగుల వీరాస్వామయ్యగారు సపరివారంగా కాశీకి బయలుదేరారు. హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథాలు సేవించి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. మజిలీలు, నదులు, వసతులు, అంగళ్లు, దారిలోని కష్టసుఖాలు ఆయన లేఖలుగా వ్రాసి పంపగా, మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారు వాటిని గ్రంథంగా కూర్చారు. 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయిన ఆ గ్రంథం తరువాతి యాత్రికులకు చేతిలోని దీపమయింది. నేటి యాత్రికుల సమాచార కేంద్రం చేసే పనిని ఆనాడు ఒక పుస్తకం చేసిందన్నమాట!

కాశీ చేరిన తెలుగువారికి మరో ఆసరా మానససరోవర ఘట్టం చెంతనున్న శ్రీరామతారక ఆంధ్రాశ్రమం. తొమ్మిది రాత్రులు కాశీవాసం చేయాలన్న సంప్రదాయాన్ని పాటించే వృద్ధులకు అక్కడి గది, భోజనం ఎంత విలువైనవో, వాటికన్న తెలుగులో వినిపించే పలకరింపు అంత విలువైనది.

అహల్యాబాయి హోల్కరు మహారాణి 18వ శతాబ్దిలో పునర్నిర్మించిన విశ్వనాథాలయం చుట్టూ చేపట్టిన ప్రాంగణ విస్తరణను 2021 డిసెంబరు 13న ప్రారంభించారు. అందులో యాత్రికుల సౌకర్య కేంద్రాలకు, భోజనశాలకు, ముముక్షు భవనానికి చోటు కల్పించారు. 2023 ఏప్రిల్ 22 నుండి గంగా పుష్కరాలకు తరలివెళ్లిన తెలుగువారిలో ఎందరో ఈ మార్పును కన్నులారా చూచారు.

దాతలారా! మీ ద్రవ్యంతో మన ఆలయం నూతన శోభ సంతరించుకున్నది. ఇక ముఖద్వారం చెంత ఒక చలివేంద్రం, స్పష్టమైన సూచనల ఫలకం, ‘ఎక్కడినుండి వచ్చారు? ఇటు దయచేయండి’ అని పలకరించే ఒక సేవకుడు ఉండేటట్లు చూడండి. కలశ ప్రతిష్ఠతో ఆలయం పూర్తవుతుంది. అలసివచ్చిన యాత్రికుడు నిశ్చింతగా స్వామిని దర్శించుకొన్ననాడే ‘పూర్తం’ పూర్తవుతుంది.

సర్వేజనాః సుఖినో భవంతు.