పరదేశం వెళ్ళిన మన రాళ్ళు

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారాన్నీ, మేలిముసుగు రెబెక్కానీ చూడనివాళ్ళు మనలో అరుదు. ఊరినుంచి చుట్టాలొస్తే ముందుగా తీసుకెళ్ళేది అక్కడికే కదా! ఆ రెబెక్కాని మలచినవాడు బెంజోని అనే ఇటలీ శిల్పి. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో ఆ బొమ్మని సంపాదించాడు. మిగతా సరంజామాలో చాలా భాగం ఆయన మనవడు, మూడో సాలార్‌జంగ్, పోగుచేసినది. పరదేశపు వస్తువులు మన ఊళ్ళో ఉంటే మనకి ముచ్చటగానే ఉంటుంది. మన వస్తువులు పరాయి మ్యూజియాల్లో ఉన్నాయంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది. అలా అనుకోవడం న్యాయమేనా అంటే, ఆ వస్తువు ఏ దారిన వెళ్ళిందో ముందు తెలియాలి.

అమరావతి సంగతే చూడండి. పద్ధెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నారు. దీపాలదిన్నె అని జనం పిలిచే మట్టిదిబ్బని తవ్వితే చెక్కడపు రాళ్ళు బయటపడ్డాయి. అది బౌద్ధ మహాస్తూపమని అప్పట్లో ఎవరికీ తెలియదు. కొన్ని రాళ్ళు కట్టడాల్లోకి పోయాయి, కొన్ని బట్టీలో కాలి సున్నమైపోయాయి. మెకంజీ దొర వచ్చి చూసి, తరవాత బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరాయి. వాటిలో చాలా వాటిని 1859లో ఓడమీద లండన్ పంపారు. అక్కడైనా గౌరవం దక్కిందా? ఏళ్ళ తరబడి బళ్ళు పెట్టుకునే కొట్టంలో పడి ఉన్నాయి! బ్రిటిష్ మ్యూజియంలోకి చేరింది 1880లో.

వాటికోసం 1992లో అక్కడ ప్రత్యేకంగా అద్దాల గది ఏర్పాటుచేశారు. అందుకు డబ్బిచ్చినది అసాహీ షింబున్ అనే జపాను పత్రిక. రాయి మన పలనాటిది, ఇల్లు ఇంగ్లీషువాళ్ళది, సొమ్ము జపానుది! ప్రపంచీకరణ అని ఈరోజుల్లో అందరూ అంటున్నారే, అది మ్యూజియంలోకి వస్తే ఇలాగే ఉంటుంది.

ఇదంతా దొరలకాలం నాటి మాట, ఇప్పుడు అలా జరగదులే అనుకుంటాం. చందవరం కథ వింటే ఆ ధీమా ఉండదు.

చందవరం దొనకొండకి దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున ఉంది. అక్కడి కొండమీద బౌద్ధ స్తూపం 1970లలో తవ్వకాల్లో బయటపడింది. దొరికిన శిల్పాలను ఆ ఊళ్ళోనే చిన్న మ్యూజియంలో ఉంచారు. 2000, 2001 సంవత్సరాల్లో అక్కడ వరసగా దొంగతనాలు జరిగాయి. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పం ఒకటి, మూడో శతాబ్దం నాటిది, చివరికి ఆస్ట్రేలియాలో తేలింది. 2005లో కాన్‌బెర్రాలోని నేషనల్ గేలరీవారు దాన్ని న్యూయార్కులోని ఒక వర్తకురాలి దగ్గర కొన్నారు. ఎంతకో తెలుసా? 5 లక్షల 95 వేల డాలర్లకి! పల్లెటూరి మ్యూజియం తాళంకప్ప ఖరీదెంత, ఈ ధర ఎంత? ప్రపంచమంతా ఒకటే బజారైపోయాక, దూరదేశపు బేరం మన ఊరి తలుపు తడుతుంది. మన కాపలా మాత్రం పాతకాలంలోనే ఉంటుంది.

మరి ఆ రాయి మనదని ఎలా తేలింది? అది చందవరంలో ఉండగా ఎవరో తీసిన పాత ఫొటోలవల్ల. ఆ ఫొటోల ముందు ఇంకే వాదనా నిలబడలేదు. 2016 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రభుత్వం దాన్ని మరి రెండు విగ్రహాలతోపాటు మన దేశానికి అప్పగించింది. దొంగసొత్తు వ్యాపారం చేశానని ఆ వర్తకురాలు 2021లో న్యూయార్కు కోర్టులో ఒప్పుకుంది.

మనం కొత్త గిన్నె కొనగానే అంచుమీద పేరు కొట్టించుకుంటాం. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పదిళ్ళు తిరిగినా, ఆ పేరు చూసి మన గిన్నె మనింటికొస్తుంది. "ఇంత చాదస్తమా!" అని మగవాళ్ళు నవ్వుతారు కానీ, పురావస్తుశాఖలో చేయవలసిన పని సరిగ్గా ఇదే. ప్రతి రాయికీ నంబరూ, ఫొటోలూ, కొలతలూ రిజిస్టరులో ఉండాలి. ఫొటో లేని విగ్రహం పోతే, పోయిందని చెప్పుకోవచ్చు గానీ మాదేనని రుజువు చేయడం ఎంత కష్టం! 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం, వాటిని దేశం దాటించి అమ్మకూడదంటుంది. దొంగరవాణాని అడ్డుకోవడానికి యునెస్కోవారు 1970లో చేసిన ఒడంబడికలో మన దేశం 1977లో చేరింది. చట్టాలకేం, ఉన్నాయి. మీ ఊరి గుళ్ళో ఉత్సవ విగ్రహాలకి ఫొటోలు తీసిపెట్టారో లేదో ఈసారి వెళ్ళినప్పుడు అడిగి చూడండి. నేను అడిగిన చోట పూజారిగారు తెల్లబోయారు.

రాళ్ళు అసలు గడప దాటకూడదని నా ఉద్దేశం కాదు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన తోరణపు రాయి 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో పెట్టిన బౌద్ధకళా ప్రదర్శనకి వెళ్ళింది. అది దొంగదారిన కాదు, అరువుగా, ఒప్పందం రాసుకుని వెళ్ళింది. హైదరాబాదులో ఉన్న మనలోనే ఫణిగిరి పేరు విననివాళ్ళు ఎంతమందో! న్యూయార్కువాళ్ళు మెచ్చాక మనకీ దానిమీద మనసు పోతుంది. ఈ గుణం మనకి కొత్తదేం కాదు లెండి.

అమరావతి రాళ్ళు మాత్రం అలా వచ్చే సూచనలు లేవు. బ్రిటిష్ మ్యూజియం తన సేకరణలోని వస్తువులను, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, ఎవరికీ ఇచ్చివేయడానికి వీల్లేకుండా 1963లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం మారాలంటే అడగవలసినది అక్కడి పార్లమెంటునే. మద్రాసులో మిగిలిన రాళ్ళు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. రైల్వేస్టేషన్‌కి దగ్గరే. చెన్నపట్నం చీరలకో వైద్యానికో వెళ్ళినప్పుడు ఒక పూట మిగిల్చుకుంటే చూసి రావచ్చు.