తప్పొప్పుల పట్టిక నుండి ప్యాచ్ వరకు

పాత తెలుగు పుస్తకముల చివర తఱచుగా ఒక పుట కనబడును. దానిపేరు తప్పొప్పుల పట్టిక. అందు నాలుగు వరుసలుండును: పుట, పంక్తి, తప్పు, ఒప్పు. అచ్చు పూర్తియైన పిమ్మట బయటపడిన తప్పులకై పుస్తకమంతయు మరల అచ్చువేయుట వ్యయముతో కూడిన పని. కావున తప్పున్న చోటును, దానికి బదులుగా చదువుకొనవలసిన మాటను మాత్రము ముద్రించి పాఠకునకు అందించెడివారు. ఓపిక గల పాఠకుడు కలము తీసి తన ప్రతిని తానే దిద్దుకొనును.

నేడు లినక్స్ కంప్యూటర్లపై జరుగుచున్న ఒక ముఖ్యమైన పనికి ఈ పట్టికయే సరియైన పోలిక. ప్రోగ్రామును మూలము నుండి కూర్చుట, అందలి తప్పును చిన్న పట్టికతో దిద్దుట, దిద్దినది పనిచేయనిచో కారణము వెదకుట, ఈ మూడింటి చరిత్రను తెలిసికొన్న విద్యార్థికి కంప్యూటరు ఒక మూసిన పెట్టెగా మిగులదు.

మాసిక వేసిన కాగితము

1944లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్-1 అను గణనయంత్రము పనిచేయ నారంభించెను. దానికి ఆజ్ఞలు రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీ రూపమున అందెడివి. రంధ్రము తప్పుచోట పడినచో దానిపై చిన్న కాగితపు ముక్కను అంటించి మూసివేసి, సరియైన చోట మరల పొడిచెడివారు. చిరిగిన బట్టకు మాసిక వేసినట్లే యిది. ఆంగ్లములో మాసికను ప్యాచ్ అందురు. కాగితపు పట్టీలు పోయినను ఆ పేరు మాత్రము నిలిచియున్నది.

యంత్రమునకు తెలిసినది అంకెల భాష. మనుష్యునకు ఆ భాషలో వ్రాయుట కష్టము, దిద్దుట మరింత కష్టము. 1952లో గ్రేస్ హాపర్ అను గణిత శాస్త్రజ్ఞురాలు ఏ-0 అను ప్రోగ్రామును నిర్మించి దానిని కంపైలర్ అని పిలిచెను. 1957లో ఐ.బి.ఎమ్. సంస్థకు చెందిన జాన్ బాకస్ బృందము ఫోర్ట్రాన్ కంపైలరును వెలువరించెను. 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించెను. మరుసటి సంవత్సరము యూనిక్స్ వ్యవస్థ ఆ భాషలో తిరిగి వ్రాయబడెను. అప్పటి నుండి ప్రోగ్రామునకు రెండు రూపములు స్థిరపడినవి. మనుష్యుడు చదువగలది మూలము లేక సోర్సు. యంత్రము నడుపగలది కంపైలరు దాని నుండి తయారుచేసిన అంకెల రూపము. రెండవదానిని చూచి మొదటిదానిని ఉన్నదున్నట్లుగా తిరిగి రాబట్టుట సాధ్యము కాదు. కావున మూలము ఎవరి చేతిలో నున్నదో, దిద్దుబాటును సులువుగా చేయగల శక్తి వారి చేతిలోనే యుండును.

ఒక ఉదయము వృథా యగుట

1976లో బెల్ ప్రయోగశాలలో స్టీవ్ జాన్సన్ అను నిపుణుడు ఒక ఉదయమంతయు తన ప్రోగ్రాములోని తప్పును వెదకెను. నిజమునకు ఆ తప్పును అతడు అంతకు ముందే సవరించియుండెను. కాని సవరించిన ఫైలును మరల కంపైలు చేయుట మరచెను. యంత్రము పాత రూపమునే నడుపుచుండెను. ఈ గోడు విన్న అతని సహోద్యోగి స్టూవర్ట్ ఫెల్డ్‌మన్‌కు కూడ ముందురోజు సాయంకాలము ఇట్టి చిక్కే ఎదురైయుండెను. అతడు మేక్ అను ప్రోగ్రామును వ్రాసెను. ఏ ఫైలు దేనిపై ఆధారపడినదో ఒక జాబితాలో చెప్పినచో, ఏది ఎప్పుడు మారినదో కాలమును బట్టి చూచి, అవసరమైన వాటిని మాత్రము మేక్ మరల కంపైలు చేయును.

ఆ జాబితాలో ప్రతి ఆజ్ఞకు ముందు ట్యాబ్ అను మీట నొక్కగా వచ్చు ఖాళీ యుండవలెను. మామూలు ఖాళీలు పనికిరావు. కంటికి రెండును ఒక్కటిగానే కనబడును గనుక క్రొత్తవారు ఈనాటికిని ఇచ్చట తడబడుచున్నారు. ఈ లోపమును ఫెల్డ్‌మన్ త్వరలోనే గుర్తించెను. కాని అప్పటికే పండ్రెండుగురు దానిని వాడుచున్నారు. వారికి ఇబ్బంది కలుగునని మార్చక విడిచెను. ఆ పండ్రెండుగురిపై చూపిన దయ లక్షలాది మందికి చిక్కుగా పరిణమించినది.

తేడాను వ్రాయుట, తేడాను అతికించుట

కడపలో సి.పి. బ్రౌను పండితులను నియమించి, ఒకే కావ్యపు తాళపత్ర ప్రతులను ప్రక్క ప్రక్కన ఉంచి పాఠభేదములను గుర్తింపజేసిన సంగతి తెలుగువారికి తెలిసినదే. ఈ పనినే రెండు ఫైళ్ళ విషయమున యంత్రముచే చేయించు ప్రోగ్రామును డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ వ్రాసెను. దాని పేరు డిఫ్. అది 1974లో యూనిక్స్‌తో వెలువడెను. జేమ్స్ హంట్‌తో కలిసి అతడు దాని గణిత పద్ధతిని 1976లో వివరించెను.

1985లో లారీ వాల్ దీనికి ఎదురు పని చేయు ప్రోగ్రామును పంచిపెట్టెను. దాని పేరు ప్యాచ్. డిఫ్ తేడాల పట్టికను తయారుచేయును. ప్యాచ్ ఆ పట్టికను చదివి పాత ప్రతిని క్రొత్తదిగా మార్చును. ఇక పెద్ద ప్రోగ్రామునంతను పంపనక్కరలేదు. పది పంక్తుల పట్టికను ఉత్తరమువలె పంపిన చాలును. తప్పొప్పుల పట్టికకు తనంతట తానే దిద్దుకొను కలము దొరకినట్లయ్యెను.

ఇందు ఒక చమత్కారమున్నది. మొదటి ముద్రణకు చేసిన తప్పొప్పుల పట్టికను రెండవ ముద్రణకు ఉపయోగించినచో పుటల సంఖ్యలు కలియవు. తెలివి గల పాఠకుడు సంఖ్యను వదలి, తప్పు మాటకు ముందు వెనుకల నున్న మాటలను పట్టి చోటును కనుగొనును. ప్యాచ్ కూడ అట్లే చేయును. మారిన పంక్తికి ముందు మూడు, వెనుక మూడు పంక్తులను సాధారణముగా పట్టికలో చేర్చుదురు. పంక్తి సంఖ్య తప్పినను ఈ ఇరుగు పొరుగును బట్టి చోటు దొరకును. ఇరుగు పొరుగు కూడ పూర్తిగా మారిపోయినచో ప్యాచ్ ఆ భాగమును అతికింపక, తిరస్కరించిన భాగములను వేరొక ఫైలులో వ్రాసి పెట్టును. అపుడు మనుష్యుడు పూనుకొని చేతితో దిద్దవలెను.

ప్రింటరు నేర్పిన పాఠము

1980 ప్రాంతమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేయుచుండెను. పాత ప్రింటరులో కాగితము ఇరుక్కొన్నపుడు వాడువారికి కబురందునట్లు అతడు దాని ప్రోగ్రామును దిద్దియుండెను. క్రొత్త ప్రింటరు వచ్చినది. కాగితము అందులోను ఇరుక్కొనెను. కాని దాని మూలమును ఇచ్చుటకు దానిని కలిగినవారు నిరాకరించిరి. దిద్దగల నేర్పు ఉండియు దిద్దలేని స్థితి అది. 1983లో అతడు గ్నూ పథకమును ప్రకటించెను. 1987లో ఆ పథకమునుండి గ్నూ సి కంపైలర్ వెలువడెను. 1991లో ఫిన్లండుకు చెందిన లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆ కంపైలరును ఉపయోగించియే లినక్స్ కెర్నలును నిర్మించెను. ఆనాడు అది సుమారు 10,000 పంక్తులు. ఈనాడు 3 కోట్ల పంక్తులకు మించినది. ఆ పెరుగుదల యంతయు ప్రధానముగా ప్యాచ్‌ల రూపముననే జరిగినది.

కూర్పు చెడినపుడు

మూలమును తెచ్చి కంపైలు చేయబోగా తెరపై వందల పంక్తుల ఫిర్యాదులు కనబడుట సాధారణము. భయపడ నక్కరలేదు. ఎల్లప్పుడును మొదటి తప్పును చదువవలెను. గుండీలు పెట్టుకొనునపుడు మొదటిది తప్పినచో తక్కినవన్నియు తప్పినట్లు, మొదటి తప్పు నుండియే తక్కిన ఫిర్యాదులు పెక్కు పుట్టును.

రెండవది, ఏ దశలో ఆగినదో గుర్తింపవలెను. ఫలానా హెడర్ ఫైలు లేదన్నచో కంపైలరునకు కావలసిన వివరపు ఫైలు కంప్యూటరులో లేదని యర్థము. లైబ్రరీ ఉండియు ఇట్లగుట కలదు. ఏలయన డెబియన్, ఫెడోరా వంటి పంపిణీలు వాడుటకు కావలసిన భాగమును, కూర్చుటకు కావలసిన భాగమును వేర్వేరు పొట్లములుగా నిచ్చును. రెండవ పొట్లపు పేరు చివర డెబియన్‌లో డెవ్ అనియు, ఫెడోరాలో డెవెల్ అనియు ఉండును. కంపైలు పూర్తియై, నిర్వచనము లేని పేరు అను ఫిర్యాదు వచ్చినచో తప్పు సాధారణముగా చివరి దశయైన లింకింగులో నున్నది. పేరు పిలువబడినది గాని, ఆ పేరు గల భాగము జతచేయబడలేదు.

మూడవది మరింత తెలివిగా దాగి యుండును. అన్నియు సరిగా పూర్తియగును. కాని తెరపై మార్పేమియు కనబడదు. చేతితో కూర్చిన లైబ్రరీ సాధారణముగా లోకల్ అను డైరెక్టరీలో చేరును. పంపిణీతో వచ్చిన పాతది వేరొక చోట నుండును. ప్రోగ్రాము పాతదానినే తెరచుచుండవచ్చును. అపుడు ఎల్‌డీకాన్ఫిగ్ అను ఆజ్ఞతో లైబ్రరీల పట్టికను మరల సిద్ధపరచి, ప్రోగ్రాము ఏ ప్రతిని పట్టుకొన్నదో ఎల్‌డీడీ అను ఆజ్ఞతో చూడవలెను. స్టీవ్ జాన్సన్ వృథా చేసికొన్న ఉదయమునకు ఇది మరియొక రూపము.

నర్సీపట్నం అను పరీక్ష

ఈ చరిత్రకు తెలుగుతో గల సంబంధమును తెలిసికొనుటకు అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం పేరును వ్రాసి చూచిన చాలును. కంటికి కనబడునవి నాలుగు అక్షరములు: న, ర్సీ, ప, ట్నం. 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతిలో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఆ పద్ధతి ప్రకారము కంప్యూటరు ఈ పేరును పది సంకేతములుగా దాచును: న, ర, పొల్లు, స, దీర్ఘపు ఈకారము, ప, ట, పొల్లు, న, సున్న. సంకేతముల వరుసలో ఈకారము స తరువాత వచ్చును. వ్రాతలో మాత్రము గుడిదీర్ఘము ర పైకెక్కును. స క్రిందికి దిగి ఒత్తగును. ఉచ్చారణ క్రమమును వ్రాత క్రమముగా మార్చు ప్రోగ్రాము లేనిచో పొల్లు విడిగా నిలిచి ఆ పేరు నర్‌సీపట్‌నం వలె కనబడును. ఊరి పేరును తెరపై సరిగా చదువుకొనలేకపోవుట చిన్న విషయము కాదు. పాఠశాల రికార్డులు, ధ్రువపత్రములు, ఉత్తరములు అన్నియు దానిపైననే ఆధారపడియున్నవి.

లినక్స్‌లో ఈ మార్పును మొదట పాంగో వంటి లైబ్రరీలును, తరువాత హార్ఫ్‌బజ్ అను లైబ్రరీయు చేపట్టినవి. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన2000, వేమన2000 ఫాంట్లును, రెడ్ హాట్ సంస్థ విడుదల చేసిన లోహిత్ తెలుగు ఫాంటును స్వేచ్ఛగా పంచుకొనదగినవిగా లభించినవి. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో కనబడు లినక్స్ వ్యవస్థను రూపొందించెను. ఒత్తు తప్పుచోట పడినచో కారణము ఫాంటులో నున్నదా, లైబ్రరీలో నున్నదా అని విడదీసి చూచుట ఇందలి మొదటి మెట్టు. ఫాంటును మార్చి చూచినపుడు తప్పు పోయినచో దోషము ఫాంటుదే కావచ్చును. ఏ ఫాంటుతోను పోనిచో లైబ్రరీని అనుమానింపవలెను. మూలము బహిరంగముగా నున్నందున తెలుగు తెలిసిన వారెవరైనను దానిని తెరచి, దిద్ది, ప్యాచ్‌ను పంపవచ్చును.

జ్ఞా చెప్పిన నీతి

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగెను. విజ్ఞానము అను మాటలోని జ్ఞా అక్షరమును, మధ్య కంటికి కనబడని ఒక సంకేతముతో కూర్చి పంపగా, ఐఫోన్లలో దానిని చూపబోయిన ప్రోగ్రాములు కూలిపోవుచుండెను. అక్షరములను చిత్రించు భాగములో మెమరీ పాడగుట అందులకు కారణము. యాపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 సంఖ్య గల దిద్దుబాటును విడుదల చేసెను. అంతవరకు తెలుగు క్షుణ్ణముగా తెలిసిన నిపుణుడైనను వేచియుండుట తప్ప చేయగలది లేకపోయెను. ఆ భాగపు మూలము అతనికి అందుబాటులో లేదు.

అట్లని మూలము బహిరంగమైనంత మాత్రమున అన్నియు క్షేమమనుకొనరాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అను లైబ్రరీ యొక్క 5.6.0, 5.6.1 కూర్పులలో ఎవరో రహస్య ద్వారమును చేర్చినట్లు బయటపడెను. దానిని మేల్కొల్పు పంక్తులు అందరు చూచు మూలములో గాక, విడుదల చేసిన కట్టలోని కూర్పు సూచనలలో దాగియుండెను. దూర ప్రవేశమునకు సుమారు అర సెకను ఎక్కువ పట్టుటను గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు కారణమును వెదకుచు పోయి దానిని పట్టుకొనెను. అర సెకను ఆలస్యమును ఉపేక్షింపని ఒక్కని వలన లెక్కలేనన్ని కంప్యూటర్లకు ముప్పు తప్పెను. మూలము తెరచియున్నందుననే అతడు చివరివరకు వెదకగలిగెను; వెదకు ఓపిక ఉన్నందుననే ఆ తెరచియుండుట ఫలించెను.

పాఠశాలలో లినక్స్ కంప్యూటరు ఉన్నచో ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. పది పంక్తుల పాఠమును ఒక ఫైలులో వ్రాయించి, దాని నకలులో రెండు తప్పులు దిద్దించి, డిఫ్‌తో పట్టికను తీయించి, ప్యాచ్‌తో మొదటి ఫైలును మార్పించవలెను. తరువాత మొదటి ఫైలులో ఇరుగు పొరుగు పంక్తులను మార్చి, అదే పట్టికను మరల ప్రయోగించి అది తిరస్కరింపబడుట చూపవలెను. ఆ తిరస్కారమునకు కారణమును విద్యార్థి తన మాటలలో చెప్పగలిగిననాడు, పాత పుస్తకపు చివరి పుటలోని తప్పొప్పుల పట్టికను చూచి కలము చేతపట్టిన పాఠకుని వరుసలో అతడును చేరినట్లే.