బందరు ఉప్పెన నాటి విశ్వాసులు



కృష్ణా డెల్టాలోని క్రైస్తవ సంఘము దొరల అండ చూచుకొని పెరిగినదని అనేకులు తలంచుచుందురు. ఆ మతమును గొనివచ్చినవారిలో దొరలుండిరన్నది సత్యమే. కాని కష్టకాలమున దానిని విడువక పట్టుకొన్నవారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము బందరులో కొంతయు, బెజవాడలో కొంతయు, రాఘవాపురములో కొంతయు దొరకును.

1841వ సంవత్సరమున చర్చి మిషనరీ సొసైటీవారి పక్షమున రాబర్టు నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్సు అను ఇరువురు బందరు చేరిరి. ఫాక్సు ఊరూర తిరిగి బోధింపదలచినవాడు. నోబుల్ ఒకచోట కూర్చుండి బడి నడుపదలచినవాడు. ఫాక్సు కోరిక ఎక్కువకాలము సాగలేదు. మన యెండలు అతని దేహమునకు సరిపడలేదు. 1845లో భార్యను పోగొట్టుకొనెను. స్వదేశమునకు పోయియు మరల తిరిగివచ్చెను. తుదకు 1848లో, ముప్పదియొక్క యేండ్ల ప్రాయమున, ఇంగ్లండులో గతించెను. నోబుల్ 1843లో బడి తెరచి, 1865లో చనిపోవువరకు ఒక్కమారైనను స్వదేశము చూడలేదు.

ఆ బడిలో తొమ్మిదేండ్లు గడచినపిదప, 1852లో, మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును, ఐనాల భూషణము అను వెలమ యువకుడును నోబుల్ ఇంటికి వచ్చి బాప్తిస్మము కోరిరి. ఊరు అట్టుడికినట్లుడికెను. బంధువులు ఇల్లు చుట్టుముట్టిరి. బాప్తిస్మము జరిగెను, బడి బోసిపోయెను. మిషను చరిత్రకారులు ఈ ఘట్టమును విజయముగా వర్ణింతురు. నాకు మాత్రము ఆ గుమ్మమునకు వెలుపల నిలిచినవారు కూడ కనబడుచుందురు. బ్రతికియున్న కుమారుని లేనివానిగా నెంచవలసివచ్చిన ఇంటివారి దుఃఖము స్వల్పమైనది కాదు. లోపల నున్న యువకుల దుఃఖమును అట్టిదే. మతము మారినవానికి ఆస్తిహక్కు పోదని 1850నాటి చట్టము చెప్పెను గాని, అమ్మ చేతి అన్నమును ఏ చట్టము ఇప్పించగలదు? ఆ యిద్దరును మరలిపోలేదు. పండ్రెండేండ్లు ఓర్చి, 1864లో గురుపట్టము పొందిరి.

ఇచట ఒక మాట దాచరాదు. నోబుల్ తన బడిలో మాలమాదిగల పిల్లలను చేర్చుకొనలేదు. అగ్రవర్ణములవారు ముందు వచ్చినచో తక్కినవారు వెనుక వత్తురని ఆయన లెక్క. ఆ లెక్క తలక్రిందులైనది.

డెల్టా దాటినపిదప మెట్టసీమలో రాఘవాపురమను గ్రామము గలదు. అచట పగోలు వెంకయ్య అను మాల పెద్ద యుండెను. విగ్రహములు వట్టివి, దేవుడొక్కడే యని ఎవరో చెప్పగా విని, అతడు విగ్రహారాధన మానెను. ఆ ఒక్క దేవుడెవరో, ఎచట నుండునో తెలియదు. చెప్పువారును లేరు. అయినను, తన్ను తాను కనబరచుకొమ్మని ఆ తెలియని దేవునే ఏండ్ల తరబడి ప్రార్థించుచుండెను. తుదకు బెజవాడలో కృష్ణాస్నానముల తిరునాళ్లకు వచ్చినప్పుడు, అతడు వెదకుచున్న దేవుని గూర్చి బోధించు దొర ఈ ఊరనే యున్నాడని ఒక బ్రాహ్మణుడు చెప్పెనట! ఆ దొర పేరు డార్లింగు. 1859లో వెంకయ్యయు, అతనితో పెక్కుమంది గ్రామస్థులును బాప్తిస్మము పొందిరి. బందరు బడి గడప తొక్కనీయబడని జనమునుండియే ఆ మిషనువారి సంఘము విస్తరించెను. వారికి పోగొట్టుకొనుటకు ఆస్తులు లేవు. కాని కూలి గలదు. గ్రామదేవత జాతరలో తమ వంతు పని మానిన కుటుంబమునకు, ఆదివారము నాగలి పట్టనన్న పాలేరుకు, రైతు వాకిట ఆ కూలి దొరకుట ఎంత కష్టమో పల్లెటూరి పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

ఇట్లుండగా 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి గాలివానతో సముద్రము బందరు మీదికి వచ్చెను. మామూలు పోటునకు మించి సుమారు 13 అడుగుల ఎత్తున నీరు లేచెను. ఆ తీరము సమతలము. అడ్డుటకు గుట్ట లేదు, మిట్ట లేదు. ఉప్పెన మైళ్ల కొలది లోపలికి చొచ్చుకొనిపోయెను. రమారమి 30,000 మంది మరణించిరి. మంచినీటి బావులు ఉప్పునీళ్లయ్యెను. షార్కీ దొరసాని బందరులో నడుపుచుండిన బాలికల వసతి పాఠశాలలో పెక్కుమంది పిల్లలు ఆ రాత్రి నీటిపాలైరి. విశ్వసించినవాని ఇల్లు నిలుచుననియు, విశ్వసింపనివాని ఇల్లు కూలుననియు ఎవరైన బోధించియున్నచో, ఆ బోధ కూడ ఆ నీటిలోనే కొట్టుకొనిపోయియుండును. సముద్రము మతము అడుగలేదు.

ఏడాది తిరుగకముందే నోబుల్ కన్నుమూసెను. గురుపట్టము పొందిన సంవత్సరముననే ఉప్పెనను, మరుసటియేట గురువు మరణమును చూచిన రత్నభూషణములు నిలిచియుండిరి. రక్షణ యనగా ప్రాణరక్షణయే యని వారు భావించియుండినచో నిలుచుటకు వారికి కారణమేమున్నది? సుఖము చూపి పిలిచిన విశ్వాసము సుఖముతోనే పోవును. వీరు మొదటి దినముననే సమస్తము విడిచి వచ్చినవారు. నా యభిప్రాయమున అందువలననే ఉప్పెన వారి విశ్వాసమును కదల్పలేకపోయినది.

రాఘవాపురమునకు సముద్రము రాలేదు గాని, అచటి పరీక్ష ఒక్క రాత్రితో ముగియునది కాదు. వెంకయ్య 1891 వరకు జీవించెను. బాప్తిస్మమునకు పిమ్మట ముప్పదిరెండేండ్లు! ప్రతిదినమును అదే పొలము, అదే రైతు, అదే వాడ. ఇరువదియొక్క సంవత్సరముల పిమ్మట, 1912లో, వేదనాయకము అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడాయనయే. ఆయన నడిపిన సంఘములో అత్యధికులు వెంకయ్యవంటి మాలమాదిగ రైతుకూలీలే.

ఉప్పెన మరల వచ్చెను. 1977 నవంబరు 19న దివిసీమలో వేలకొలది ప్రజలు, వారిలో అన్ని మతములవారును, ఒక్క పూటలో అంతరించిరి. అది పెద్దలలో పలువురు కన్నులార చూచినదే గనుక విస్తరింపను.

వేరొక కష్టము నీటివలన గాక కాగితమువలన వచ్చినది. 1950నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు మాత్రమే పరిమితము చేసెను. పిమ్మట 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరించెను, క్రైస్తవులకు విస్తరింపలేదు. అందుచేత మన జిల్లాల పల్లెలలో బడికి ఒక పేరును, గుడికి ఒక పేరును గల కుటుంబములు ఏర్పడినవి. వారిని పిరికివారని నిందించువారు గలరు. నేను నిందింపజాలను. బిడ్డకు చదువు, ఉద్యోగము చెప్పించుకొనుటకు తండ్రి ఒక కాగితముపై ఒక మాట వ్రాయించును. ఆదివారము ఉదయమున గంట మ్రోగగానే ఆ బిడ్డ చేయి పట్టుకొని గుడికి నడచును.